పేలని తూటా

ఒక దేశము తన సైనికుని చేతికి ఆయుధము నిచ్చునపుడు దానితోపాటు ఒక మాటయు నిచ్చుచున్నది. నీవు గురి చూచి మీట నొక్కినప్పుడు ఇది పేలును. నీవు నొక్కనప్పుడు పేలదు. ఇంతియే యా మాట. ఈ రెండింటిలో నేది తప్పినను పోవు ప్రాణము సైనికునిది. మాట తప్పిన దోషము మాత్రము దేశముది. భారతకథలో కర్ణుడు అస్త్రవిద్య నెరుగనివాడు గాడు, ధైర్యము చాలనివాడును గాడు. అక్కరకు వచ్చిన గడియలో అస్త్రము స్ఫురింపకుండుటయే యాతని కొంప ముంచినది. ఆతనిది గురుశాపము. కర్మాగారమునుండి వచ్చిన తూటా పేలకపోవుట యే గురువు శాపమును గాదు. మనుష్యులు చేసిన పని, మనుష్యులు దిద్దుకొనదగిన పని.

మన పాఠకులలో వ్యవసాయదారులకు ఈ విషయము వేరుగ బోధింప నక్కరలేదు. విత్తనములోని లోపము సంచి విప్పినప్పుడు కానరాదు. తొలకరి కురిసి, అదను దాటి, మొలక రాకపోయినప్పుడు గాని తెలియదు. అప్పటికి అంగడివానిని నిందించినను, అధికారికి అర్జీ పెట్టుకొన్నను ఆ యేటి పంట తిరిగిరాదు. తూటాయు నట్టిదే. పెట్టెలో నున్నంతకాలము మంచిదానికిని చెడ్డదానికిని భేదము లేదు. భేదము తెలియు క్షణము శత్రువు ఎదుట నిలిచిన క్షణమే. కావున మందుగుండు విషయములో పరీక్ష యనునది కర్మాగారపు పనికి తోకవంటిది గాదు, వెన్నెముకవంటిది.

తూటా నిర్మాణము చూచుట కల్పము. ఇత్తడి గొట్టము, దాని యడుగున రంజకము, లోపల మందు, మూతివద్ద గుండు. ఈ నాలుగే దాని యంగములు. మీట నొక్కగనే సూది రంజకమును కొట్టును. రంజకము రవులుకొని మందు నంటించును. మందు వాయువై గుండును ద్రోయును. రంజకము తక్కువైనను, చెమ్మగిలినను, లోతుగ కూర్చబడినను తూటా పేలదు. ఒక్కొక్కప్పుడు రంజకము మెల్లగ రాజుకొని కొన్ని క్షణములు జాగుచేసి పేలును. మందు చాలినంత లేనిచో గుండు గొట్టములోనే చిక్కుకొనును. అది తెలియక రెండవది కాల్చినచో తుపాకియే పగులును. ఫిరంగిగుండునకు ఇవిగాక ఫ్యూజు అను యంత్రము కలదు. అది సకాలమున పని చేయకున్న గుండు నేలలో మొద్దువలె పడియుండును. అకాలమున పని చేసెనా, ఫిరంగిగొట్టములోనే పేలి దగ్గరనున్న మనవారినే చంపును. వీనికి తోడు కాలము, వేడి. పొగలేని మందు వేడికి క్రమముగ క్షీణించును. దానిని నిలుపుటకై కలిపిన రసాయనము ఏటేట ఖర్చగుచుండును. రాజస్థాన మరుభూమి యెండకును, సియాచిన్ మంచునకును తట్టుకొనవలసిన సరకునకు చిన్న లోపమనునది లేదు.

పంటకాపునకై లైసెన్సు తుపాకి యుంచుకొన్నవారు మన గ్రామములలో నున్నారు గనుక ఒక మాట ఇచ్చట చెప్పదగును. పేలని తూటా యికమీదట పేలదని నమ్మరాదు. తుపాకి మూతిని జనములేని దిక్కునకే నిలిపి కనీసము 30 సెకండ్లు వేచియుండి, పిమ్మట మెల్లగ తెరచి తూటాను తీయవలెను. దానినే మరల కాల్చ యత్నింపరాదు. చప్పుడు నీరసముగ వినవచ్చినచో గొట్టము నిర్మలముగ నున్నదో లేదో చూడకుండ రెండవ తూటా నెక్కింపరాదు. పెట్టెమీది తయారీసంఖ్యను వ్రాసి పెట్టి, అమ్మినవానికి తెలుపవలెను. ఈ చివరి మాట చిన్నదిగ దోచును గాని, సైన్యములకైనను, గ్రామస్థునకైనను మూలసూత్ర మదియే. ఆ సంఖ్యవలననే చెడ్డ తూటా ఏ దినమున, ఏ యంత్రముమీద, ఏ మందుతో తయారైనదో తిరిగి కనుగొన వీలగును.

ఏలయన ప్రతి తూటాను కాల్చి పరీక్షించుట అసంభవము. కాల్చినది మిగులదు గదా! అందుచేత ఒక్కొక్క తయారీవరుసనుండి కొన్నింటిని తీసి కాల్చి, మిగిలినవానిని నమ్ముదురు. ఈ నమ్మకమునకు గల బలమెంతయో లెక్క కట్టి చూడుడు. 1000కి ఒకటి చెడ్డదైన వరుసనుండి 100 తూటాలు తీసి కాల్చినచో, ఒక్కటియు తప్పకుండ అన్నియు పేలుటకు నూటికి 90 పాళ్లు అవకాశము కలదు. అనగా పరీక్షలో నెగ్గిన వరుస నిర్దోషమని యర్థము గాదు. పెద్ద దోషము లేదని మాత్రమే యర్థము. చిన్న దోషమును పట్టుకొనవలెనన్న, ముడిసరకు మొదలు ప్రతి దశయందును జాగ్రత్త యుండవలెను. సరకు సైనికుని చేతికి చేరిన పిమ్మట ఆతని ఫిర్యాదు వెనుకకు చేరి, వినబడవలెను. ఈ రెండు దారులలో నేది మూసికొనిపోయినను జరుగునదేమో చరిత్ర చెప్పుచున్నది.

మొదటి యుదాహరణము బ్రిటిషువారిదే. 1915 మే నెలలో ఫిరంగిగుండ్లు చాలవని లండను పత్రికలు గోల పెట్టగా మంత్రివర్గమే కదలిపోయెను. లాయిడ్ జార్జి చేతిక్రింద ఆయుధసామగ్రికి ప్రత్యేక మంత్రిత్వశాఖ యేర్పడెను. కర్మాగారములు పెరిగెను; అనుభవము లేని క్రొత్త కంపెనీలు రంగమున దిగెను; రాశి పెరిగెను. వాసి మాట యేమి? 1916 జూను 24వ తేదీ మొదలు ఏడు దినములు సోమ్ నదీప్రాంతమున జర్మను కందకములపై రమారమి 15 లక్షల గుండ్లు కురిపించిరి. అందులో నూటికి 30 వరకు పేలలేదని చరిత్రకారుల యంచనా. ముళ్లకంచె తెగినదనియు, శత్రువు నశించెననియు నమ్మి జులై 1వ తేదీన కాల్బలము ముందునకు నడచెను. కంచె పలుచోట్ల చెక్కుచెదరలేదు. ఆ యొక్క దినముననే 57,470 మంది హతులు, క్షతగాత్రులు, గల్లంతైనవారు. అందు మృతులు 19,240 మంది. పరాజయమునకు కారణములు పెక్కు గలవు. అందులో పేలని గుండు ఒకటి. నూరేండ్లు దాటినను ఆ ప్రాంతపు ఫ్రెంచి రైతు నాగలికి నేటికిని ఆ గుండ్లు తగులుచునే యున్నవి. దానికి వారు పెట్టుకొన్న పేరు ‘ఇనుప పంట’.

సోమ్ తొందరపాటునకు దృష్టాంతము. రెండవది అహంకారమునకు దృష్టాంతము. అది నౌకాయుద్ధమునకు సంబంధించినదైనను ఇచ్చటి ప్రశ్నకు నేరుగ తగులును. 1941 డిసెంబరులో అమెరికా రెండవ ప్రపంచయుద్ధమున దిగునాటికి దాని జలాంతర్గాముల ప్రధానాయుధము మార్కు 14 అను టార్పిడో. దానిని నిర్మించినదియు, పరీక్షించినదియు, మంచిదని ముద్ర వేసినదియు నౌకాదళపు ఆయుధశాఖ యొక్కటియే. ఖరీదైన సరకు పాడగునని పొదుపు చూచి, అందలి రహస్యమైన అయస్కాంతపు పేల్చుయంత్రమును నిజమైన లక్ష్యముపై పరీక్షించినది 1926లో రెండు మారులు మాత్రమే. యుద్ధమున టార్పిడోలు ఓడల క్రిందుగ పోవుచున్నవనియు, తగిలియు పేలుట లేదనియు నావాధిపతులు మొరపెట్టుకొనిరి. మీకు గురి చేతగాదని శాఖ వారి సమాధానము. 1942 జూనులో అడ్మిరలు లాక్‌వుడ్ ఆస్ట్రేలియా తీరమున చేపలవల కట్టించి దానిగుండ టార్పిడోలను వదలించి, అవి పెట్టిన లోతుకంటె సుమారు 10 అడుగులు క్రిందుగ పోవుచున్నవని వలలోని రంధ్రములే సాక్షిగ నిరూపించెను.

అంతటితో కథ ముగియలేదు. ఒక దోషము దిద్దగా దానిచాటున నున్న మరియొకటి బయటపడెను. 1943 జులై 24వ తేదీన టినోసా అను జలాంతర్గామి జపానువారి యొక పెద్ద ఓడపై 15 టార్పిడోలు ప్రయోగింపగా 11 తగిలియు పేలలేదు. నావాధిపతి బుద్ధిమంతుడై చివరి టార్పిడోను వదలక పరీక్షకై వెనుకకు తెచ్చెను. హవాయి ద్వీపములలో కొండగోడకు కొట్టియు, ఎత్తునుండి ఉక్కుపలకపై పడవైచియు చూడగా, లంబముగ తగిలినప్పుడే పేల్చుసూది వంగిపోవుచున్నదని తేలెను. అనగా గురి యెంత చక్కగ కుదిరిన ఆయుధ మంత తప్పక విఫలమగుచుండెను! 1943 సెప్టెంబరునాటికి గాని దోషములన్నియు దిద్దబడలేదు. 21 నెలల యుద్ధము. పరికరములు లేక గాదు, పండితులు లేక గాదు. చేసినవాడే పరీక్షకుడై, వాడినవాని మాట వినకపోవుటచేత.

ఇక మన యింటి సంగతి. 1801లో కలకత్తా చెంత కాశీపూరులో ఈస్టిండియా కంపెనీవారు ఫిరంగిబండ్ల కర్మాగారము స్థాపించినది మొదలు, 1846లో డమ్‌డమ్, 1869లో పూనా సమీపమున ఖడ్కీ, ఇట్లు క్రమముగ పెరిగిన కర్మాగారములు స్వతంత్ర భారతమునకు సంక్రమించెను. స్వాతంత్ర్యానంతరము మరికొన్ని చేరి 41 అయినవి. మన తెలంగాణమున ఎద్దుమైలారములో పదాతిదళపు యుద్ధశకటములు తయారగుచున్నవి. వానిమీద 30 మిల్లీమీటర్ల ఫిరంగి యుండును. ఎద్దుమైలారపు కార్మికుడు శకటము నెంత దిట్టముగ నిర్మించినను, మరియొకచోటి గుండు పేలకపోయినచో ఆతని శ్రమయు వ్యర్థమే. ఒకచోటి లోపము అన్నిచోట్ల పనిని చెరుచును.

లోపములున్నవని చెప్పినవారు పరదేశీయులు గారు. సైన్యము యుద్ధమున కుంచుకొనవలసిన మందుగుండులో సగము రకములు పది దినముల పోరునకైన చాలవని 2015లో కంట్రోలరు-ఆడిటరు జనరలు నివేదిక తెలిపెను. 2017 నివేదికలో, 152 రకములలో నూటికి 40 వంతులు 2016 సెప్టెంబరునాటికి ఇంకను అదే దుస్థితియం దున్నవనియు, కర్మాగారముల సరకు నాణ్యమును గూర్చిన లోపములు తీరలేదనియు మరల వ్రాయవలసివచ్చెను. ఈ రెండు నివేదికల నడుమ, 2016 మే 31వ తేదీ తెల్లవారుజామున మహారాష్ట్రములోని పుల్‌గాఁవ్ మందుగుండు డిపోలో పెను ప్రేలుడు సంభవించి, ఇద్దరు సైనికాధికారులతోసహా పదునైదుగురికి పైబడి మరణించిరి. టాంకులను నిలువరించుటకై భూమిలో పాతు మైనులలోని పేలుడుమందు స్రవించుటయే మూలమని అప్పటి వార్తలు. గడువు తీరకమునుపే చెడిన ఆ జాతి మైనులను తరువాత పెద్దయెత్తున నాశనము చేయవలసివచ్చెను.

2020 సెప్టెంబరులో పత్రికల కెక్కిన సైన్యపు అంతర్గత నివేదిక మరింత కఠినము. 2014 మొదలు ఆరేండ్లలో గడువు తీరకుండగనే పారవేయవలసివచ్చిన మందుగుండు విలువ సుమారు 960 కోట్ల రూపాయలనియు, ఆ సొమ్ముతో 155 మిల్లీమీటర్ల ఫిరంగులు నూరు కొనవచ్చుననియు, లోపభూయిష్టమైన మందుగుండువలన 27 మంది మరణించిరనియు అందు గలదు. న్యాయముగ రెండవ పక్షమును చెప్పవలెను. 2015 మొదలు 2019 వరకు విచారణ ముగిసిన ప్రమాదములలో నూటికి 19 మాత్రమే తమ కంటగట్టదగినవని కర్మాగారముల బోర్డువారు ప్రత్యుత్తర మిచ్చిరి. మిగిలినవానికి ఫిరంగుల సంరక్షణలోపము, ప్రయోగవిధిలో పొరపాట్లు, మూలనమూనాలలోని దోషములు కారణములని వారి వాదము.

ఈ తగవులో నెవరిది సత్యమో సామాన్యపౌరుడు తేల్చజాలడు. తేల్చవలసిన నిష్పాక్షికుడు లేకపోవుటయే మన యసలు వ్యాధి. కర్మాగారములు రక్షణోత్పత్తి శాఖ క్రింద నుండెను. వాని సరకును పరీక్షించి ముద్రవేయు నాణ్యతాధికారుల సంస్థయు నా శాఖ క్రిందనే యుండెను. ఇన్ని లక్షల గుండ్లు ఈ యేడు తయారు కావలెనని లక్ష్యము విధించునదియు, ఈ వరుస చెడ్డదని త్రోసిపుచ్చవలసినదియు నొక్క యింటివారే. పరీక్షాధికారి త్రోసిపుచ్చినచో లక్ష్యము తప్పును. లక్ష్యము తప్పినచో ఆతని పైయధికారియే సంజాయిషీ చెప్పుకొనవలెను. వ్యక్తులు సత్పురుషులే కావచ్చును. అయినను అత్తసొమ్ము అల్లునిచే లెక్కింపజేయు నేర్పాటునందు లెక్క సరిపోయినను లోకము నమ్మదు. వారు త్రోసిపుచ్చినది సైనికుడు ఎరుగడు. సైనికుడు త్రోసిపుచ్చినది వారికి చేరుసరికి ఏండ్లు గడచును.

ప్రభుత్వము కదలలేదని చెప్పుట అన్యాయము. 2021 జూనులో మంత్రివర్గము నిర్ణయింపగా, ఆ యేటి అక్టోబరు 1వ తేదీనుండి బోర్డు రద్దై, 41 కర్మాగారములు ఏడు ప్రభుత్వ కంపెనీలుగ విభజింపబడెను. మందుగుండు తయారీ ముఖ్యముగ పూనా కేంద్రమైన మ్యూనిషన్సు ఇండియా లిమిటెడు పాలు వచ్చెను. ఎద్దుమైలారము ఆవడి కేంద్రమైన కవచవాహనముల కంపెనీలో చేరెను. కార్మికసంఘములు ప్రతిఘటించినవి, సమ్మెలను నిషేధించు శాసనము నా యేటనే వచ్చినది. 2024లో నాణ్యతాసంస్థను పునర్నిర్మించిరి. ఇవన్నియు మార్పులే. కాని పేరు మారినంతమాత్రమున తూటా పేలదు. కంపెనీకి లాభము ముఖ్యము. లాభమునకు అమ్మకము ముఖ్యము. అమ్మకమునకు అడ్డు వచ్చువాడు పరీక్షకుడు. మునుపు లక్ష్యము చేసిన యొత్తిడిని ఇకమీదట లాభము చేయగలదు. నాణ్యతాసంస్థ యింకను రక్షణోత్పత్తి శాఖ నీడను విడువలేదు. ప్రైవేటు కంపెనీలును ఈ రంగమున ప్రవేశించుచున్న యీ కాలమున, న్యాయాధికారి తటస్థుడై యుండుట మునుపటికంటె నెక్కువ యవసరము.

ఇట్లు మాటలాడుట స్వదేశి పరిశ్రమకు ద్రోహమని కొందరందురు. పరదేశపు సరకులో లోపములు లేవా యని యడుగుదురు. ఉన్నవి; పైన జెప్పిన రెండు కథలును పరదేశములవే. కాని స్వదేశివ్రత మనగా మనవారు చేసినది గనుక కన్నులు మూసికొని మెచ్చుకొనుట గాదు. ఖద్దరు తొడిగినవాడు నేతలోని ముడిని ఓర్చుకొనెను. ఆ ముడివలన ఆతని ప్రాణము పోలేదు గనుక ఓర్చుకొనెను. సైనికునకు ఓర్చుకొను నవకాశము లేదు. ఆతడు తన తూటాను శంకించిననాడు పరదేశపు సరకు కావలెనని కోరును. అప్పుడు స్వదేశి పరిశ్రమ దానంతట నదియే కూలును. కావున పరిశ్రమకు నిజమైన మిత్రుడు లోపమును దాచువాడు గాడు, చూపువాడు. నేరమంతయు కార్మికునిపై మోపుటయు నధర్మమే. కర్మాగారములలో ప్రేలుళ్లు సంభవించినప్పుడు మొట్టమొదట మరణించువా డాతడే. 2025 జనవరి 24వ తేదీన మహారాష్ట్రములోని భండారా కర్మాగారమున ఎనమండుగురు మరణించిరి. పాత యంత్రము, ఆలస్యముగ వచ్చిన ముడిసరకు, సంవత్సరాంతమున తరుముకొని వచ్చు లక్ష్యము; వీనిని నిర్ణయించువాడు కార్మికుడు గాడు.

రహస్యము రహస్యమని మరికొంద రందురు. ఎన్ని గుండ్లు ఎచ్చట దాచినదియు శత్రువునకు తెలియగూడదు, నిజమే. కాని ఫలానా ప్రమాదమునకు కారణము కర్మాగారమా, ఫిరంగియా, ప్రయోగమా యన్నది సంవత్సరములోపల పార్లమెంటునకు తెలుపుటవలన శత్రువునకు కలుగు లాభమేమి? మార్కు 14 పేల్చుయంత్రమును అమెరికావారు ఎంత రహస్యముగ దాచిరన, తమ నావాధిపతులకే దాని లోపము చాలకాలము తెలియలేదు. ఆ రహస్యమువలన లాభపడినది జపానువారే.

కావలసినవి మితమైన పనులు. పరీక్షించు సంస్థను ఉత్పత్తి శాఖనుండి తప్పించి, సైన్యమునకును పార్లమెంటునకును జవాబు చెప్పు స్వతంత్రపదవియందు నిలుపవలెను. అంగీకారపరీక్షలో సైనికప్రతినిధికి త్రోసిపుచ్చు నధికార ముండవలెను. ప్రతి తయారీవరుస చరిత్రయు కర్మాగారమునుండి కందకము వరకు వ్రాయబడి, ఒకచోట నొక తూటా తప్పినను ఆ వరుసయంతయు వెంటనే నిలుపబడవలెను. లోపము తమదని తేలిన కంపెనీ, ప్రభుత్వముదైనను ప్రైవేటుదైనను, సరకు మార్చియిచ్చుటయే గాక నష్టమును భరింపవలెను. మృతుల కుటుంబములకు విచారణఫలితము తెలుపబడవలెను. తన కుమారుడు శత్రువు గుండువలన మరణించెనా, మన గుండువలన మరణించెనా యని తెలిసికొను హక్కు ఆ తల్లికి లేదా?

కేటాయింపుల యంకెలను చూచి మనము సైన్యబలమును కొలుచుట కలవాటుపడితిమి. బడ్జెటులో నిన్ని కోట్లు, ఎగుమతులలో నిన్ని కోట్లు. ఈ కోట్లన్నియు చివరకు ఒక యిత్తడి గొట్టపు టడుగున నున్న చిటికెడు రంజకముమీద నిలిచియున్నవి. అది పొడిగ నున్నదో చెమ్మగిలినదో చూచువాడు ఎవనికిని భయపడనివాడై యుండవలెను. ఆ యొక్క పదవిని స్వతంత్రము చేయుటకు కోట్లు కావలసిన పని లేదు, సంకల్పము చాలును. రాబోవు పార్లమెంటు సమావేశములలో మన ప్రతినిధులు ఈ ప్రశ్నను లేవదీయుదురు గాక. లేవదీయనివారిని ప్రజలు అడుగుదురు గాక.